ఒకే మోడల్ నంబరు, రెండు వేర్వేరు యాంప్లిఫయర్లు: నా ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

ఈ డైరీ మొదలుపెట్టింది విడిభాగాల మార్పుల గురించి రాద్దామని కాదు. నా దగ్గర ఒకే మోడల్ స్టీరియో యాంప్లిఫయర్లు రెండున్నాయి. మొదటిది 2018లో కొన్నాను, రెండోది 2022లో. రెండూ సీలు విప్పని పెట్టెల్లో వచ్చినవే. ముందు పలక అదే, వెనక జాక్‌ల వరస అదే, మాన్యువల్ అక్షరం పొల్లుపోకుండా అదే. ఒక్కో స్పీకరుకు ఒక్కో యాంప్లిఫయర్ కేటాయించి, అందులో ఒక చానల్‌ను బేస్ పలికే ఊఫరుకూ రెండో చానల్‌ను సన్నని శబ్దాలు పలికే ట్వీటరుకూ ఇవ్వాలని అనుకున్నాను. నిలువు బై-యాంపింగ్ అంటారు దీన్ని. దీనికున్న షరతల్లా ఒకటే: రెండు పెట్టెలూ సిగ్నల్‌ను సరిగ్గా ఒకే రెట్లు పెంచాలి. ఒకటి కాస్త ఎక్కువ పెంచిందంటే పాడే మనిషి గొంతు రెండు స్పీకర్ల నట్టనడుమ నిలవదు, పక్కకు జరిగిపోతుంది.

మోడల్ ఒకటే కదా, కొలిచే పనేముందనుకుని వైర్లన్నీ కలిపేశాను. పాట పెట్టగానే గొంతు ఎడమకు జరిగింది. స్పీకర్లను అటుదిటు మార్చాను, గొంతు అక్కడే ఉంది. యాంప్లిఫయర్లను మార్చాను, గొంతు కుడికి వచ్చింది. అంటే తేడా పెట్టెల్లోనే ఉంది.

రెండో రోజు

వాల్యూమ్ నాబ్‌లు రెండూ ఒకే గీత మీదున్నా లోపలి పొటెన్షియోమీటర్లు ఒకేలా ఉండవు. వాటి ప్రమేయం లేకుండా చేయడానికి రెండింటిలోనూ వాల్యూమ్ పూర్తిగా తిప్పేసి, ఇన్‌పుట్ మాత్రం బాగా తగ్గించి ఇచ్చాను: 1 కిలోహెర్ట్జ్, 83 మిల్లీవోల్టులు. స్పీకర్ల బదులు 8 ఓమ్ డమ్మీ లోడ్ కట్టాను.

పాతదానిలో ఎడమ 2.82 వోల్టులు, కుడి 2.81. కొత్తదానిలో రెండు వైపులా 2.57. ఈ మోడల్లో ముందు దశ సిగ్నల్‌ను పెంచదు, ఉన్నదున్నట్టు పంపుతుంది, కాబట్టి పెంచడమంతా పవర్ దశదే. పాతది 34 రెట్లు పెంచుతోంది, కొత్తది 31 రెట్లు. డెసిబెల్స్‌లో చెప్పాలంటే 0.8 తేడా.

తయారీలో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులేమో అని మొదట అనిపించింది. అయితే ఇలాంటి చోట వాడేవి ఒక శాతం రెసిస్టర్లు. గెయిన్‌ను, అంటే ఎన్ని రెట్లు పెంచాలన్నదాన్ని నిర్ణయించే రెండు రెసిస్టర్లూ చెరో దిక్కుకు పూర్తిగా ఒక శాతం తప్పినా ఒక పెట్టెలో 0.17 డెసిబెల్స్ (డీబీ) మించి తేడా రాదు. పైగా కొత్తదాని రెండు చానళ్ళూ ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టున్నాయి. పొరపాటున వచ్చిన తేడా రెండు చానళ్ళలోనూ అంత సమానంగా ఎలా వస్తుంది? ఇది కావాలని పెట్టిన విలువే.

మాన్యువల్ తీసి చూశాను. ఇన్‌పుట్ సెన్సిటివిటీ 650 మిల్లీవోల్టులని ఉంది. అంటే అంత ఇన్‌పుట్ ఇస్తే పూర్తి 60 వాట్లు రావాలి. 8 ఓమ్‌ల మీద 60 వాట్లంటే 21.9 వోల్టులు. 34తో భాగిస్తే 644 మిల్లీవోల్టులు, మాన్యువల్ చెప్పిందే. 31తో భాగిస్తే 707. పాతదానికి రాసిన సంఖ్యనే కొత్తదాని పెట్టెలోనూ పెట్టి పంపించారు.

మూడో రోజు

మూతలు విప్పాను. ఇలాంటి పని చేయబోయేవాళ్ళకు ఒక జాగ్రత్త. ప్లగ్గు పీకినంత మాత్రాన పవర్ సప్లై కెపాసిటర్లు ఖాళీ కావు. 100 ఓమ్, 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ఒక్కో కెపాసిటర్‌కూ కొన్ని సెకన్లు ఆనించి, మీటరు సున్నా దగ్గరికి వచ్చిందని చూసుకున్నాకే లోపల చేయి పెట్టాను. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు కొందరికుంది. అది కెపాసిటర్‌కూ మంచిది కాదు, చేతికీ మంచిది కాదు.

రెండు పెట్టెలనూ పక్కపక్కన పెట్టి పై నుంచి చూడగానే చాలా వరకు అర్థమైపోయింది. పాతదానిలో గుండ్రటి టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. కొత్తదానిలో రేకులు పేర్చిన చదరపు ఈఐ ట్రాన్స్‌ఫార్మర్, అదీ కొంచెం చిన్నది. పవర్ సప్లై కెపాసిటర్లు పాతదానిలో 10,000 మైక్రోఫారడ్‌లవి రెండు, ఒంటి మీద తట్టుకునే వేడి 105 డిగ్రీలని ఉంది. కొత్తదానిలో 6,800 మైక్రోఫారడ్‌లవి రెండు, 85 డిగ్రీలవి. పాత బోర్డులో నిలబడి ఉన్న ఫిల్మ్ కెపాసిటర్ల చోట కొత్త బోర్డులో నువ్వు గింజంత సిరామిక్ చిప్పులు అంటించి ఉన్నాయి.

ఐసీల మీద తయారైన తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ వారం. కొత్తదానిలో డీఏసీ చిప్పు (డిజిటల్ సంగీతాన్ని అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది) మీద 2147 అని ఉంది, అంటే 2021లో 47వ వారం. పాతదానిలో ఉన్నది ఏకే4490, కొత్తదానిలో ఈఎస్9018కే2ఎం. కంపెనీ వేరు, కాళ్ళ సంఖ్య వేరు, చుట్టూ ఉండే సర్క్యూట్ వేరు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ పట్టి ఉంచింది బోర్డు మూలన తెల్ల సిరాతో అచ్చేసిన చిన్న అక్షరాలు. పాతదాని మీద రెవ్ 1.2 అని ఉంది. రెవ్ అంటే రివిజన్, డిజైన్ ఎన్నో కూర్పో చెప్పే నంబరు. కొత్తదాని మీద రెవ్ 2.0 అని ఉంది. 1.3 కాదు, 2.0. తాము చేసింది పెద్ద మార్పేనని వాళ్ళకు తెలుసు. దానికో నంబరిచ్చి బోర్డు మీద రాసుకున్నారు కూడా. ఆ నంబరు మూత కింద ఉండిపోయింది, కొనేవాళ్ళకు కనబడే వెనక స్టిక్కరు మీదికి మాత్రం రాలేదు.

ఆ రాత్రి

చిప్పు ఎందుకు మారిందో తెలుసు. 2020 అక్టోబర్ 20న జపాన్‌లోని నొబియోకాలో అసాహి కసేయి మైక్రోడివైసెస్ ఫ్యాక్టరీకి నిప్పంటుకుంది. మంటలు రోజుల తరబడి ఆరలేదు. ఏకే4490తో పాటు ఆ వరసలోని చిప్పులన్నీ మార్కెట్లో దొరక్కుండా పోయాయి. వాటి మీద ఆధారపడ్డ ఆడియో కంపెనీలు ఎన్నో డిజైన్లు తిరగరాసుకోక తప్పలేదు. ఈ మార్పుకు నేను ఎవరినీ తప్పుపట్టను. లేని చిప్పును ఎక్కడి నుంచి తెస్తారు?

అయితే అదే ఇబ్బందిలో పడ్డ కొన్ని కంపెనీలు ఏం చేశాయో చూడండి. టాపింగ్ డీ90లో ఏకే4499 ఉండేది. ఈఎస్9038ప్రోకు మారినప్పుడు ఆ యంత్రానికి డీ90ఎస్ఈ అని పేరు పెట్టారు. ఫియో కే5 ప్రోలో ఏకే4493 పోయి ఈఎస్ఎస్ చిప్పు వచ్చినప్పుడు దాన్ని కే5 ప్రో ఈఎస్ఎస్ అనే అమ్మారు. పేరు చివర రెండు మూడు అక్షరాలు చేర్చారు, అంతే. కొనేవాళ్ళకు తాము ఏది కొంటున్నారో తెలిసింది, పాతది ఉన్నవాళ్ళకు తమ దగ్గరున్నదేదో తెలిసింది. కాబట్టి అది చేయలేనంత కష్టమైన పనేమీ కాదు.

ఇంకొకటి. అగ్ని ప్రమాదం వివరించేది డీఏసీ చిప్పు మార్పును మాత్రమే. ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైనందుకూ, 105 డిగ్రీల కెపాసిటర్ల చోటికి 85 డిగ్రీలవి వచ్చినందుకూ ఆ మంటలతో ఏ సంబంధమూ లేదు. ఎలాగూ బోర్డు తిరగరాస్తున్నాం కదా అని ఆ ఊపులోనే మిగతావీ మార్చేసినట్టున్నారు. ఇది నా ఊహే.

ఐదో రోజు

కంపెనీ సర్వీసు విభాగానికి ఫోన్ చేశాను. రెవ్ 2.0 సర్క్యూట్ డయాగ్రం కావాలని అడిగాను.

"మోడల్ నంబరు మారలేదు కదండీ మేడమ్. మీ దగ్గరున్న సర్వీసు మాన్యువల్ సరిపోతుందండీ."

"అందులో గెయిన్ రెసిస్టర్ 33 కిలో ఓమ్‌లని ఉందండీ. నా బోర్డు మీద 30 ఉంది. అసలు డీఏసీ చిప్పే వేరు."

"అవి రన్నింగ్ ఇంప్రూవ్‌మెంట్స్ అండీ. అప్పుడప్పుడు జరుగుతుంటాయి."

"మరి ఇది పాడైతే మీ దగ్గర బాగుచేసేవాళ్ళు ఏ డయాగ్రం చూస్తారండీ?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పైవాళ్ళను అడిగి చెబుతానండీ మేడమ్" అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు పాపం, తన చేతిలో లేని విషయం అది. మర్నాడు వచ్చిన ఈమెయిల్లో రెండే వాక్యాలున్నాయి. డిజైనూ వివరాలూ ముందస్తు సూచన లేకుండా మారవచ్చని మాన్యువల్ చివరి పేజీలో ఉందట. 707 మిల్లీవోల్టుల గురించి నేను రాసినదానికి జవాబు లేదు.

ఆ చివరి పేజీ వాక్యం దాదాపు ప్రతి ఎలక్ట్రానిక్ వస్తువుతోనూ వస్తుంది. ఇన్నేళ్ళూ దాన్ని అలవాటుగా దాటేసినదాన్ని, ఈసారి దాని దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే ఇదే పరిశ్రమలో ఒక మెట్టు పైకి వెళితే నియమం పూర్తిగా వేరు. చిప్పులు తయారుచేసే కంపెనీ తన చిప్పులో ఏదైనా ముఖ్యమైన మార్పు చేస్తే, దాన్ని కొనే కంపెనీలకు ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. దాన్ని పీసీఎన్ అంటారు, అంటే ఉత్పత్తి మార్పు నోటీసు. దీనికి జే-స్టాండర్డ్-046 అనే ప్రమాణమే ఉంది. చిప్పును ప్యాక్ చేసే ఫ్యాక్టరీ మారినా, లోపలి తీగ రాగిదైనా నోటీసు వస్తుంది. నా యాంప్లిఫయర్ తయారుచేసిన కంపెనీకి కూడా అలాంటి నోటీసులు వస్తూనే ఉంటాయి. అవి రాకపోతే వాళ్ళూ ఊరుకోరు. ఆ వరసంతా వచ్చి వచ్చి చివరి మెట్టు దగ్గర, డబ్బు పెట్టి వస్తువును ఇంటికి తీసుకెళ్ళే మనిషి దగ్గర తెగిపోతుంది.

ఏడో రోజు

పవర్ సప్లై పరీక్ష. 8 ఓమ్‌ల మీద, వక్రీకరణ ఒక శాతం చేరేదాకా: పాతది 62 వాట్లు, కొత్తది 60. పెట్టె మీద రాసింది 8 ఓమ్‌లకు 60 వాట్లని. రెండూ మాట నిలబెట్టుకున్నాయి.

4 ఓమ్‌ల మీద పాతది 100 వాట్లు, కొత్తది 82.

4 ఓమ్‌లకు ఎంతిస్తుందో పెట్టె మీద ఎక్కడా రాయలేదు. రాయని చోట ఎంత తగ్గించినా అబద్ధమాడినట్టు కాదు. ఏ సంఖ్యను అచ్చేశారో దాన్ని మాత్రం సరిగ్గా కాపాడారు, అచ్చేయని చోటల్లా తగ్గించారు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే యాంప్లిఫయర్ల వాట్లను ఏ షరతులతో ప్రకటించాలో నియమం పెట్టింది. అంతకుముందు ప్రకటనల్లో వాట్లు ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసుకునేవాళ్ళు. ఆ నియమంతో సంఖ్యకు ఒక విలువ వచ్చింది. ఆ సంఖ్య చుట్టూ ఉన్న ఖాళీ జాగా మాత్రం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

నిజం చెప్పాలంటే 100కూ 82కూ మధ్య చెవికి తెలిసే తేడా ఒక డెసిబెల్ కూడా లేదు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేడి, దాంతో ముడిపడ్డ ఆయుష్షు. గంటసేపు ఒకే స్థాయిలో నడిపితే కెపాసిటర్ల పక్కన పాతదానిలో 48 డిగ్రీలు, కొత్తదానిలో 55. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల విషయంలో అందరూ వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుంది. రెండు రకాలూ తమ గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర 2,000 గంటలు పనిచేసేవనుకుందాం. 55 డిగ్రీల దగ్గర 105 డిగ్రీల రకానికి 64,000 గంటలు వస్తాయి, 85 డిగ్రీల రకానికి 16,000. రోజుకు 8 గంటలు వాడితే ఒకటి 22 ఏళ్ళ దాకా, ఇంకొకటి ఐదున్నరేళ్ళ దాకా. అసలు జీవితంలో ఇంత కచ్చితంగా ఉండదు గానీ, నాలుగు రెట్ల నిష్పత్తి నిజమే. ఇది కొన్న రోజున ఏ చెవికీ వినబడదు, ఏ మీటరూ చూపదు. వారంటీ తీరాక బయటపడుతుంది.

ఎనిమిదో రోజు

డీఏసీని కొలిచాను. కొత్తదే మెరుగు. నాయిస్ 3 డీబీ తక్కువ. ఈఎస్ఎస్ చిప్పులున్న కొన్ని డిజైన్లలో మధ్యస్థాయి సిగ్నళ్ళ దగ్గర ఇంటర్‌మాడ్యులేషన్ (రెండు స్వరాలు కలిసినప్పుడు పుట్టే వక్రీకరణ) గ్రాఫు గూనిలా లేస్తుంది. దాన్ని వెతికాను, లేదు. చుట్టూ ఉన్న సర్క్యూట్‌ను శ్రద్ధగా చేశారు. ఇంత మంచి పని చేసిన ఇంజినీర్ల పేరు నిలిచేలా ఇది చెప్పుకోదగ్గ మార్పు. మిగతావి దాచడం కోసం దీన్నీ దాచేశారు.

లైన్ సిగ్నల్ దారిలో ఉండే ఆప్-ఆంప్ అనే చిన్న యాంప్లిఫయర్ చిప్పు కూడా మారింది. పాతదానిలో ఎన్‌ఈ5532, కొత్తదానిలో 4558 రకం. కాగితం మీద 5532దే పైచేయి. నాయిస్ తక్కువ, మైక్రోసెకనుకు, అంటే సెకనులో పది లక్షలో వంతుకు, 9 వోల్టుల వేగం. 4558ది ఒకటీ ఒకటిన్నర దగ్గర. అయితే 2 వోల్టుల లైన్ సిగ్నల్‌ను 20 కిలోహెర్ట్జ్ దగ్గర పంపడానికి మైక్రోసెకనుకు 0.36 వోల్టులు చాలు. ఈ స్థానంలో 4558 సరిపోతుంది. చిప్పు పేరు చూసి గుండెలు బాదుకోవడం సరి కాదని నా అభిప్రాయం, అది ఏ పనిలో ఉందో చూడాలి. దీన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

పదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా: ఫోనో దశ

అసలు కథ ఇక్కడుంది. ఫోనో దశ అంటే యాంప్లిఫయర్‌లో రికార్డు ప్లేయర్ కోసం ఉండే భాగం.

గ్రామఫోన్ రికార్డును చెక్కేటప్పుడు బేస్‌ను తగ్గించి, ట్రెబుల్‌ను పెంచి చెక్కుతారు. వాయించేటప్పుడు యాంప్లిఫయర్ దానికి సరిగ్గా తలకిందులుగా చేయాలి. ఆ వంపును ఆర్‌ఐఏఏ వంపు అంటారు. దాన్ని మూడు కాలవిలువలు నిర్ణయిస్తాయి: 3180, 318, 75 మైక్రోసెకన్లు. ఈ విలువల్ని ఇచ్చేవి కొన్ని రెసిస్టర్లూ కెపాసిటర్లూ. కెపాసిటర్ ఎంత తప్పితే వంపు అంత తప్పుతుంది. యాంప్లిఫయర్ మొత్తంలో కెపాసిటర్ విలువ ఇంత ముఖ్యమైన చోటు ఇంకోటి లేదు.

పాతదానిలో ఇక్కడ ఫిల్మ్ కెపాసిటర్లున్నాయి, ఒక్కో చానల్‌కు 10 నానోఫారడ్‌లది ఒకటి, 33ది ఒకటి. కొత్తదానిలో అవే విలువల సిరామిక్ చిప్పులు. సిరామిక్ అనగానే చెడ్డవి కావు. సీ0జీ రకమైతే ఈ పనికి బాగా నప్పుతుంది, విలువ కదలదు. ఎక్స్7ఆర్ రకమైతే వోల్టేజీని బట్టీ వేడిని బట్టీ విలువ మారుతుంది. చిప్పు ఒంటి మీద ఏ రకమో రాసి ఉండదు. కనుక్కోవడం ఎలా?

ఎక్స్7ఆర్ సిరామిక్‌కు పీజో గుణం ఉంది. దాన్ని తడితే వోల్టేజీ పుడుతుంది. యాంప్లిఫయర్ ఆన్ చేసి, ఫోనో ఇన్‌పుట్‌ను షార్ట్ చేసి, వాల్యూమ్ పెంచి, ఎండు చెక్క పుల్లతో ఆ చిప్పు మీద మెల్లగా తట్టాను. స్పీకరులో టక్కుమని వినబడింది. మళ్ళీ తట్టాను, మళ్ళీ టక్కు. పక్కనున్న రెసిస్టర్ మీద తడితే చప్పుడు లేదు. పాతదాని ఫిల్మ్ కెపాసిటర్ల మీద గట్టిగా తట్టినా స్పీకరు నిశ్శబ్దంగానే ఉంది. రికార్డు తిరిగే గదిలో, స్పీకర్ల గాలి తగిలే చోట, మైకులా పనిచేసే భాగాన్ని అతి సున్నితమైన దశలో పెట్టారు.

నాలుగింటినీ ఊడదీసి ఎల్‌సీఆర్ మీటరుతో కొలిచాను. ఇక్కడ నేను చేసిన పొరపాటు రాసి తీరాలి, ఇంకెవరూ చేయకూడదు. ఊడదీసిన వెంటనే కొలిచి, విలువలు ఎక్కువగా ఉన్నాయని రాసుకున్నాను. మర్నాడు మళ్ళీ కొలిస్తే తగ్గాయి. ఎక్స్7ఆర్ సిరామిక్ కాలం గడిచేకొద్దీ విలువ కోల్పోతుంది. టంకం వేడి తగలగానే ఆ పోయిందంతా తిరిగొస్తుంది, మళ్ళీ మొదటి నుంచి తగ్గడం మొదలవుతుంది. కాబట్టి ఒక రోజైనా ఆగి కొలవాలి. మర్నాటి విలువలు: ఎడమ 10.6, కుడి 9.8 నానోఫారడ్‌లు. పది శాతం అటూ ఇటూ ఉండొచ్చని అమ్మే రకం కాబట్టి రెండూ తమ హద్దులోనే ఉన్నాయి. ఆ రెండు విలువల మధ్య తేడా మాత్రం ట్రెబుల్‌లో 0.65 డీబీ. ఎడమ చానల్ మసకగా, కుడి చానల్ కాస్త మెరుపుగా. బోర్డు మీద ఉన్నప్పుడు గ్రాఫు గీస్తే సరిగ్గా ఇదే కనబడింది. పాతదానిలో ఆ రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి విడదీయడానికి వీల్లేకుండా ఉన్నాయి.

రికార్డులు వినేవాళ్ళలో ఎంతమంది ఇలాంటి తేడాకు కార్ట్రిడ్జ్‌ను అనుమానించి, సూదిని అనుమానించి, టోన్ ఆర్మ్ బరువులు నెలల తరబడి సరిచేసుకుంటూ కూర్చుని ఉంటారో అనిపించింది. తప్పు వాళ్ళ చేతిలో లేదు.

ఊడదీసినవాటినే మళ్ళీ అంటించి, వాటి స్థానాలు మారకుండా చూసుకున్నాను. వినే పరీక్ష కాకముందు బాగుచేయకూడదు.

పదహారో రోజు

తమ్ముడు వచ్చాడు. స్విచ్చు తిప్పడం వాడి పని, వినడం నా పని. రిలేలతో చేసిన పెట్టె సిగ్నల్‌నూ స్పీకర్లనూ ఒకేసారి ఒక యాంప్లిఫయర్ నుంచి ఇంకోదానికి మారుస్తుంది. రెండింటి స్థాయినీ 0.1 డీబీ లోపు సమానం చేశాను. ఇది చేయకపోతే పరీక్షకు అర్థం లేదు, కాస్త గట్టిగా ఉన్నదే మంచిదని చెవి అనేస్తుంది. నాకు వీపు వైపు కూర్చుని వాడు ప్రతిసారీ నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే పాతది, బొరుసు పడితే కొత్తది. పదహారు సార్లు.

లైన్ ఇన్‌పుట్ మీద: పదహారింటిలో 9 సరిగ్గా చెప్పాను. గుడ్డిగా ఊహించినా అన్ని లేదా అంతకంటే ఎక్కువ సరిపోయే అవకాశం వందకు 40. అంటే నాకు తేడా తెలియలేదు. ఈ ఫలితం నాకు నచ్చలేదు, అయినా ఇదే నిజం. 4558కూ 5532కూ మధ్య మామూలు స్థాయిలో నా చెవికి తేడా లేదు.

ఫోనో ఇన్‌పుట్ మీద: పదహారింటిలో 14. ఊహతో అన్ని సరిపోయే అవకాశం వెయ్యికి రెండు.

"అక్కా, నువ్వు మూడోసారికే ఇది కొత్తదని ఖాయంగా చెప్పేస్తున్నావు. దేన్ని బట్టి?" అన్నాడు.

"తాళాలు చూడరా. పాతదానిలో ఒకే చోట మోగుతున్నాయి. కొత్తదానిలో మొదటి దెబ్బ మధ్యలో, దాని మెరుపు కుడి పక్కన."

వాణ్ణి నా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆడియో మీద వాడికి ప్రత్యేకంగా ఆసక్తేమీ లేదు. పదహారింటిలో 13 చెప్పాడు.

పందొమ్మిదో రోజు

బాగుచేయడం. 10 నానోఫారడ్ సీ0జీ చిప్పులు ఇరవై తెప్పించి అన్నిటినీ కొలిచి, దగ్గరగా ఉన్న జంటను తీశాను: 10.02, 10.03. 33 నానోఫారడ్‌వి ఒక సైజు పెద్దవే దొరికాయి. ప్యాడ్ల మీద కొంచెం బయటికి వచ్చినా టంకం బాగా పట్టింది. ఏదైనా షార్ట్ ఉంటే కరెంటును అదుపు చేసే సిరీస్ బల్బు మీద ఆన్ చేసి, బల్బు ఒకసారి వెలిగి మసకబారాక నేరుగా మెయిన్స్‌కు కలిపాను. చెక్క పుల్లతో తట్టాను, చప్పుడు లేదు. రెండు చానళ్ళ గీతలూ కలిసిపోయాయి. కంపెనీయే సీ0జీ వేసి ఉంటే ఒక్కో యాంప్లిఫయర్‌కు నాలుగే నాలుగు చిప్పుల ఖర్చు తేడా.

గెయిన్ కూడా సరిచేయాలి. పాతదాన్ని 31కి తగ్గించాలా, కొత్తదాన్ని 34కి పెంచాలా? ఫీడ్‌బ్యాక్ ఉన్న యాంప్లిఫయర్‌లో గెయిన్ తగ్గిస్తే స్థిరత్వం తగ్గుతుంది, పాత బోర్డులో లోపలి కాంపెన్సేషన్‌ను (ఆ స్థిరత్వాన్ని కాపాడే ఏర్పాటును) 34కి తగ్గట్టు పెట్టి ఉంటారు. దాన్ని కదపలేదు. కొత్తదానిలో 30 కిలో ఓమ్‌లు తీసి 33 వేశాను. చతురస్ర తరంగం ఇచ్చి ఆసిలోస్కోపులో చూశాను, అంచులు శుభ్రంగా ఉన్నాయి, ఊగిసలాట లేదు. 83 మిల్లీవోల్టులకు ఇప్పుడు రెండు చానళ్ళూ 2.81. పాతదానితో తేడా 0.03 డీబీ.

ఇరవై రెండో రోజు

పవర్ సప్లైలో 85 డిగ్రీల కెపాసిటర్లు తీసి 105 డిగ్రీలవి వేశాను. 10,000 మైక్రోఫారడ్‌లవి పట్టేంత జాగా ఉన్నా 6,800 విలువనే ఉంచాను. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ మీద, డయోడ్ల మీద ఆన్ చేసిన క్షణంలో పడే భారం పెరగడం నాకు ఇష్టం లేదు. ట్రాన్స్‌ఫార్మర్‌ను మార్చే ఉద్దేశం లేదు. 4 ఓమ్‌ల దగ్గర కొత్తది ఎప్పటికీ 82 వాట్లదే.

అందుకే అసలు ప్లాను మార్చుకున్నాను. ఒక్కో స్పీకరుకు ఒక్కో యాంప్లిఫయర్ ఇస్తే గట్టిగా వాయించినప్పుడు రెండు పక్కలూ వేర్వేరుగా అలసిపోతాయి. ఇప్పుడు పాతది రెండు స్పీకర్ల ఊఫర్లనూ నడుపుతోంది, ఎక్కువ కరెంటు అడిగేది అక్కడే. కొత్తది రెండు ట్వీటర్లనూ నడుపుతోంది. గొంతు నడుమ నిలబడింది.

ఇరవై మూడో రోజు

రెండు పెట్టెల వెనకా, మోడల్ నంబరు స్టిక్కరు పక్కన, నేనే చెరో లేబుల్ అంటించాను: ఒకదాని మీద రెవ్ 1.2, ఇంకోదాని మీద రెవ్ 2.0. కొత్తదాని మూత లోపల ఒక కాగితం అతికించాను. అందులో ఏ స్థానంలో ఏ విలువ ఉండేది, ఏది తీశాను, ఏది వేశాను, ఏ తేదీన అన్నది రాసి ఉంది. నా తర్వాత దీన్ని విప్పేవాళ్ళ చేతిలో ఉండే సర్వీసు మాన్యువల్ రెవ్ 1.2ది. ఈ కాగితం లేకపోతే వాళ్ళు దాన్ని నమ్మి తప్పు భాగం వేస్తారు.

కంపెనీకి ఇంకో ఈమెయిల్ రాశాను. ఈసారి డయాగ్రం అడగలేదు. ఫోనో దశ గ్రాఫులు రెండూ జతచేసి, రెండే కోరాను: బోర్డు మీదున్న రెవ్ నంబరును వెనక స్టిక్కరు మీదా అచ్చేయమని, మాన్యువల్లో 650 అన్న సంఖ్యను సరిదిద్దమని. జవాబు వస్తే ఇక్కడే కింద రాస్తాను.

ముప్పై ఒకటో రోజు

అందిందని ఆటోమేటిక్ జవాబు వచ్చింది. టికెట్ నంబరును మూత లోపలి కాగితం మీద రాసుకున్నాను.